సర్టిఫికెట్ కోసం ఆగకండి, చదివించడం మొదలుపెట్టండి

మూడో తరగతికి వచ్చినా చదవడం రాని పిల్లవాడి గురించి మన దగ్గర బడిలో అడిగితే మూడు జవాబులే వినిపిస్తాయి. "చిన్నోడే కదా, పెద్దగైతే అదే వస్తది." "ఇంట్ల పట్టించుకుంటలేరు, ట్యూషన్ పెట్టియ్యండి." ఈ మధ్య కొత్తగా చేరిన మూడోది: "డిస్లెక్సియా ఉన్నట్టుంది, హైదరాబాద్ తీస్కపోయి చూపియ్యండి." మొదటి రెండు మాటల్లో నిర్లక్ష్యం ఉందని అందరికీ తెలుసు. మూడోది వినడానికి బాధ్యతగా ఉంటుంది గానీ, దానివల్ల జరిగే నష్టం కూడా తక్కువేం కాదు. ఆ మాట విన్న తల్లిదండ్రులు దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో బస్సెక్కి, కూలి పోగొట్టుకుని, ఓపీ చీటీల వెంట తిరిగి, నెలల తర్వాత చేతికొచ్చిన వైకల్య సర్టిఫికెట్ చూసి పని అయిపోయిందనుకుంటారు. ఆ నెలల్లో పిల్లవాడికి కొత్తగా ఒక్క అక్షరమూ ఎవరూ నేర్పి ఉండరు.

చదవలేక ఇబ్బంది పడే పిల్లలకు ముందు కావాల్సింది రోజూ అరగంట కూర్చోబెట్టి, ఒక వరుసలో, ఓపికగా చదవడం నేర్పే మనిషి. ఆ మనిషి అమ్మ కావచ్చు, ఊళ్ళో డిగ్రీ చదివే అక్క కావచ్చు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రం టీచరు కావచ్చు. సర్టిఫికెట్ కూడా అవసరమే, కానీ అది పరీక్షల్లో రావాల్సిన సౌకర్యాల కోసం. ఈ రెండూ వేర్వేరు పనులు. ఒకదాని కోసం ఇంకొకదాన్ని ఆపి ఉంచడం వల్ల పిల్లల బడి ఏళ్ళు వృథా అవుతున్నాయి.

డిస్లెక్సియా ఉన్న పిల్లల తెలివికి ఏ లోటూ ఉండదు. చెప్పిన కథ తిరిగి చెప్తారు, కిరాణా కొట్టులో చిల్లర లెక్క తప్పరు, ట్రాక్టర్ ఎక్కడ మొరాయించిందో పెద్దలకంటే ముందే కనిపెడతారు. ఇబ్బందంతా మాటలోని ధ్వనులను విడదీసి పట్టుకోవడంలో, ఆ ధ్వనిని అక్షరంతో టక్కున జత చేయడంలో ఉంటుంది. ఇది కుటుంబాల్లో వస్తుంది. నాన్నకో మేనమామకో "చదువు అబ్బలేదు" అని చెప్పుకునే ఇళ్ళల్లో ఆ సంగతి కాస్త లోతుగా అడిగి చూడాలి.

యూట్యూబ్ వీడియోల్లో చెప్పే లక్షణాలు ఎక్కువగా ఇంగ్లీషు చదివే పిల్లల మీద రాసినవి. బీ, డీ తారుమారు చేయడం లాంటివి తెలుగు చదువులో వెతికితే దొరకవు. తెలుగు చాలావరకు రాసినట్టే చదువుతాం కాబట్టి, కొంత వయసు వచ్చాక డిస్లెక్సియా ఉన్న పిల్లలు కూడా తప్పు లేకుండానే చదవగలుగుతారు. కానీ చాలా నెమ్మదిగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతారు. వాక్యం చివరికి చేరేసరికి మొదట్లో ఏముందో పోతుంది. "చదువుతడు గానీ అర్థం చేసుకోడు" అని సార్లు చెప్పే పిల్లల్లో చాలామంది ఇలాంటివాళ్ళే. తెలుగులో తప్పుల లెక్క కంటే వేగం నమ్మదగ్గ గుర్తు.

మన లిపి పెద్దదన్న సంగతీ గుర్తుంచుకోవాలి. వర్ణమాలలో యాభై ఆరు అక్షరాలే అయినా, గుణింతాలూ ఒత్తులూ కలిస్తే పిల్లలు గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లోకి పోతాయి. కన్నడ బడుల్లో సోనాలి నాగ్ చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, అక్షరాలన్నీ పట్టుబడటానికి పిల్లలకు మూడు నాలుగు తరగతుల కాలం పడుతుందని తేలింది. కన్నడ లిపి తీరూ మన లిపి తీరూ ఒకటే. కాబట్టి ఒకటో తరగతిలో ఒత్తులు రాలేదని కంగారు పడనక్కర్లేదు. రెండో తరగతి అయిపోతున్నా "కె" అనో "పు" అనో విడిగా రాసి చూపిస్తే గుర్తుపట్టకపోతే మాత్రం ఇంకో ఏడాది చూద్దామనుకోవద్దు.

ముందు ఎక్కడ ఆగిందో చూడాలి

పిల్లవాడికి బడిలో చెప్పిన పాఠం తెచ్చి చదివించకండి. అది కంఠతా వచ్చేసి ఉంటుంది. వేలు ఒక పదం మీద ఉంటుంది, నోరు ఇంకో పదం పలుకుతుంది. ఒక తరగతి కింది పుస్తకంలో ఇంతవరకు చదవని పేజీ తీసి, ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టి చదివించండి. సరిగ్గా చదివిన అక్షరాలు లెక్కపెట్టండి. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పడానికి కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతి చివరికి 60 పదాలు అని ఉంది. ఆ లెక్కను తెలుగుకు ఉన్నదున్నట్టు పెట్టడం నాకు సరిగ్గా అనిపించదు. "చదువుకుంటున్నప్పుడు" అన్నది మనకు ఒకే పదం. అందుకే పదాలు కాకుండా అక్షరాలు లెక్కపెట్టి, పక్కింటి పిల్లలతో కాకుండా ఆ పిల్లవాడి పోయిన నెల లెక్కతోనే పోల్చాలి.

తర్వాత అదే పేజీలో ఒక వాక్యాన్ని చివరి పదం నుంచి మొదటికి చదివించండి. ఊహించి చదివేవాళ్ళు ఇక్కడ ఆగిపోతారు. ఆ తర్వాత అర్థం లేని పదాలు నాలుగు రాసివ్వండి: గిమటు, లోపని, తెడకు, బూసలి. వీటిని ఎక్కడా విని ఉండరు కాబట్టి అక్షరం చూసి ధ్వని తీయడం వచ్చో రాదో తేలిపోతుంది.

ఇక పుస్తకం పక్కన పెట్టి చెవి పరీక్ష. "బతుకమ్మ"కు ఎన్ని చప్పట్లు? బ, తు, క, మ్మ, నాలుగు. "పలక"లో "ప" తీసేస్తే ఏం మిగిలింది? "మామిడి"లో నడిమి "మి" తీసేస్తే? ఏడెనిమిదేళ్ళ పిల్లలు రెండు మూడు సార్లు ఆడితే వీటిని పట్టుకుంటారు. చదవడం రాకపోయినా ఈ ఆట బాగా ఆడితే, చెప్పేవాళ్ళు లేక వెనకబడ్డాడేమోనని ముందు అనుమానించాలి. రెండూ కష్టంగా ఉంటే డిస్లెక్సియా అనుమానం బలపడుతుంది. దీంతోనే నిర్ధారణ అయిపోయిందనుకోవద్దు. ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం తెలుస్తుంది.

మన జిల్లాల్లో ఇంకో మెలిక ఉంది. తండా పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, బడిలో తెలుగు వింటారు, 2022-23 నుంచి సర్కారు బళ్ళలోనూ ఇంగ్లీషు మీడియం వచ్చాక పాఠం మూడో భాషలో చదువుతారు. మక్తల్, నారాయణపేట వైపు ఇళ్ళల్లో కన్నడ, మరాఠీ నడుస్తాయి. తెలియని భాషలో నెమ్మదిగా చదవడం జబ్బు కాదు. అలాంటి పిల్లలకు చెవి పరీక్ష ఇంటి భాషలోనే పెట్టాలి. అమ్మనే అడగమనండి. ఇంటి భాషలో ధ్వనుల ఆట సులువుగా ఆడితే ఇబ్బంది తెలుగుతో అన్నమాట. డిస్లెక్సియా అయితే పిల్లలు మాట్లాడే అన్ని భాషల్లోనూ ఆ ఛాయ కనబడుతుంది. అలాగే అమ్మానాన్నలతో పాటు వలస వెళ్ళి ఏటా నాలుగైదు నెలలు బడి పోగొట్టుకున్న పాలమూరు పిల్లల విషయంలో హాజరు పట్టీ చూడకుండా ఏ పేరూ తగిలించకూడదు.

కళ్ళు, చెవులు తప్పకుండా చూపించాలి. చెవిలో చీము కారే పిల్లలకు కొన్ని ధ్వనులు సరిగ్గా వినబడవు, అది చదువులో తేలుతుంది. బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) వైద్య బృందం ఈ రెండూ చూస్తుంది. 2013లో మొదలైన ఆ కార్యక్రమం చూసే సమస్యల జాబితాలో చదువు నేర్చుకోవడంలో ఇబ్బంది కూడా ఉంది. ఆ సంగతి హెడ్మాస్టర్‌కు గుర్తు చేసి, పిల్లవాడి పేరు వాళ్ళకు ముందే చెప్పి ఉంచండి. లేకపోతే ఎత్తు, బరువు, పళ్ళు చూసి పంపించేస్తారు.

అరగంటలో ఏం చేయాలి

ట్యూషన్ దీనికి ఎందుకు పనికిరాదో ముందు చెప్పాలి. ట్యూషన్‌లో జరిగేది బడిలో జరిగిందే మళ్ళీ: హోంవర్క్ పూర్తి చేయించడం, ప్రశ్న జవాబులు బట్టీ కొట్టించడం, చూచిరాత. చూచిరాతలో చేయి తిరుగుతుంది, చదవడం రాదు. తనకు రాని పదాన్ని పిల్లవాడు పదిసార్లు గీతలు గీతలుగా దించగలడు, చదవమంటే చదవలేడు.

మన బళ్ళలో గుణింతం నేర్పే తీరు కూడా ఈ పిల్లలకు అడ్డంగానే ఉంది. "క కా కి కీ" అని రాగం తీయడం అందరికీ వస్తుంది. "కె" ఒక్కటీ చూపించి ఇదేంటి అంటే, పెదవులు కదులుతూ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ దాని దగ్గర ఆగి "కె" అంటాడు. గుర్తును చూసి చదవడం లేదు, వరుసలో దాని చోటు చూసి చెబుతున్నాడు. "పొ" ఇస్తే మళ్ళీ "ప" నుంచి ప్రయాణం మొదలు. ఇలా ఒక్కో అక్షరానికి ఒక్కో గుణింతం పాడుకుంటూ పోయే పిల్లవాడు వాక్యం ఎప్పుడు చదువుతాడు?

కాబట్టి వర్ణమాల వరుస వదిలేయండి. ఒకదానికొకటి పోలిక లేని ఆరు అక్షరాలతో మొదలుపెట్టండి: క, ల, ప, త, గ, డ. ఈ ఆరింటితోనే కల, తల, పగ, పలక, కలప, గడప, పడక, తలగడ వచ్చేస్తాయి. ఒక్క గుర్తు కూడా నేర్చుకోకముందే పిల్లవాడు నిజమైన మాటలు చదువుతాడు. ఆరూ నిలబడ్డాక దీర్ఘం: తాత, పాప, పాత, పాక. తర్వాత గుడి: కాకి, గాలి, తడి, పిలక. తర్వాత కొమ్ము: పులి, గుడి, కాలు, తలుపు. ఇప్పుడు "తాత పాలు తాగాడు", "తాత తలుపు లాగాడు" లాంటి వాక్యాలు కూడా ఆ ఆరు అక్షరాలు, మూడు గుర్తులతోనే రాయొచ్చు. ఆ తర్వాతే కొత్త అక్షరాలు, వారానికి రెండు మించకుండా. కొత్త అక్షరం నేర్పిన వెంటనే పాత గుర్తులన్నీ దానికి తగిలించి చదివించాలి.

పోలిక ఉన్న అక్షరాలు ఒకే వారంలో నేర్పితే రెండూ పోతాయి. ద, ధ, థ ఒక గుంపు. న, స ఒకటి. వ, మ, య ఇంకొకటి. "వ"కు కుడి పక్కన కొమ్ము పెడితే అచ్చం "మ"లాగే కనబడుతుంది కదా, అందుకే "వు" రాసేటప్పుడు కొమ్మును కింది నుంచి తిప్పుతాం. పెద్దల కళ్ళకు అలవాటైపోయిన ఈ చిన్న తేడా దగ్గర పిల్లలు ఏళ్ళ తరబడి తడబడుతుంటారు. ముందు "వ" గట్టిపడాలి. రెండు మూడు వారాలు ఆగి "మ" నేర్పాలి. అప్పుడు మాత్రమే రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా ఉందో వేలితో చూపించాలి.

సామానుకు పెద్దగా ఖర్చు లేదు. పాత పెళ్లిపత్రికల వెనక వైపు అరచేయంత ముక్కలు కత్తిరించి కార్డులు చేసుకోండి. అక్షరం నల్ల స్కెచ్ పెన్‌తో, గుణింతపు గుర్తు ఎర్ర పెన్‌తో రాయండి. రెండు డబ్బాలు పెట్టండి, ఒకటి వచ్చినవాటికి, ఒకటి రావాల్సినవాటికి. పళ్ళెంలో సన్నటి ఇసుక, పలక, బలపం ఉండాలి. అట్టముక్కకు ఒక్క వరుస కనబడేంత కిటికీ కోసి పుస్తకం మీద పెడితే చూపు పక్క వరుసకు జారదు. పాఠం అక్షరాలు చిన్నవైతే జిరాక్స్ షాపులో ఏ4ను ఏ3కి, అంటే 141 శాతానికి పెంచి తీయించండి.

మొదటి ఐదు నిమిషాలు పుస్తకం లేకుండా చెవి ఆట: చప్పట్లు, అక్షరం తీసేయడం, అంత్యాక్షరి. తర్వాత ఐదు నిమిషాలు పాత కార్డులు పది కలిపి చూపించడం. ఆపైన కొత్తది ఒక్కటే. చూపించండి, పలకండి, ఇసుకలో పలుకుతూ రాయించండి. నోరు మూసుకుని రాస్తే లాభం లేదు, రాసేటప్పుడు ధ్వని బయటికి రావాలి. ఆ తర్వాత పది నిమిషాలు ఆ అక్షరమున్న పదాలూ వాక్యాలూ చదవడం. చివర ఐదు పదాలు మీరు చెప్పగా పలక మీద రాయడం. అరగంట అయిపోతుంది. పాఠం అయ్యాక ఒక కథ మీరే చదివి వినిపించండి. చదవడం రానందువల్ల ఈ పిల్లలకు మాటల నిల్వ కూడా తగ్గిపోతుంది, దాన్ని చెవి ద్వారా పూడ్చాలి. స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు కథల పుస్తకాలు స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతాయి.

పది కార్డుల్లో తొమ్మిది సరిగ్గా చెప్పాలి, అదీ మూడు వేర్వేరు రోజుల్లో. అప్పుడే ముందుకు. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. ఒక్కరోజు బాగా చెప్పాడని సంబరపడి నాలుగు అక్షరాలు ముందుకు దూకుతారు, వారానికి అన్నీ కలగాపులగమవుతాయి. రెండో పొరపాటు, పిల్లవాడు ఆగగానే పదం అందించేయడం. మనసులో ఐదు లెక్కపెట్టి ఆగండి. అప్పటికీ రాకపోతే పదం చెప్పకుండా "మొదటి అక్షరం ఏది? దానికి ఏ గుర్తుంది?" అని అడగండి. పదం దొరికాక వాక్యాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివించండి. మూడోది, ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టి మిగతా వారం వదిలేయడం. రోజూ పావుగంటే కుదిరినా అదే మేలు.

ఒత్తుల దగ్గర పెద్ద ఆటంకం వస్తుంది. "పుస్తకం"ను "పుసతకం" అంటారు. ఒత్తు కింద ఉంటుంది గానీ ధ్వని తర్వాత వస్తుంది, పైగా కొన్ని ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. అందుకని తలకట్టు తీసి కింద రాసినట్టుండే ద్విత్వాలు ముందు నేర్పండి: గడ్డ, ముద్ద, పప్పు, దెబ్బ, ముగ్గు. రూపం మారిపోయే త, న, మ, య, ర, ల ఒత్తులు తర్వాత: అత్త, అన్న, అమ్మ, అయ్య, కర్ర, పిల్ల. ఇవి రోజూ పలికే మాటలు కాబట్టి చెవి సాయం చేస్తుంది. రెండు వేరే హల్లులు కలిసే సంయుక్తాలు ఆ తర్వాత. "పుస్తకం" అనేటప్పుడు "స్" అని పొల్లుగా ఆపి "త" కలపమని చెప్పండి. "రాష్ట్రం" లాంటివి అన్నిటికన్నా చివర.

నెలకోసారి చదవని పేజీ తీసి నిమిషం లెక్క రాసుకోండి. ఎనిమిది వారాలు వరుస తప్పకుండా చేసినా లెక్క కదలకపోతే, అడుగు ఇంకా చిన్నది చేయాలి, స్పెషల్ ఎడ్యుకేటర్ సాయం కూడా తీసుకోవాలి. ఈలోగా చేసిందేదీ వృథా కాదు. ఏ అక్షరాల దగ్గర ఆగాడో మీరు రాసుకున్న నోటు పుస్తకం ఆ టీచరుకు సగం పని తగ్గిస్తుంది.

ఇంగ్లీషు సంగతి ఒక్క మాటలో తేలదు గానీ, క్రమం మాత్రం ఖాయం: చెవిలో ఉన్న భాష ముందు. ధ్వనులు కలిపి మాట చేయడమనే విద్య తెలుగులో ఒకసారి వస్తే ఇంగ్లీషుకూ పనికొస్తుంది. ఇంగ్లీషు మొదలుపెట్టినప్పుడు "సీ ఏ టీ క్యాట్" అని అక్షరాల పేర్లు చెప్పించడం ఆపాలి. ధ్వనులు చెప్పించేటప్పుడు కూడా మనవాళ్ళు ఒకచోట తప్పుతారు. తెలుగు హల్లులో "అ" కలిసే ఉంటుంది కదా, ఆ అలవాటుతో "బ, ఆ, ట" అని నేర్పుతారు. పిల్లవాడు నిజాయతీగా కలిపితే "బఆట" వస్తుంది, "బ్యాట్" రాదు. "బ్, ఆ, ట్" అని పొల్లుతో చెప్పించాలి. ఈ ఒక్క సవరణతో క్లాసులో చాలామంది పిల్లలు కలపడం మొదలుపెడతారు, డిస్లెక్సియా లేనివాళ్ళు కూడా.

జ్ఞాపకశక్తి టానిక్కులు, రంగు కళ్ళద్దాలు, కంటి వ్యాయామాలు, మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ కోర్సుల మీద డబ్బు పెట్టకండి. కంటి వ్యాయామాలు, రంగు అద్దాలు డిస్లెక్సియాకు పనిచేస్తాయనడానికి ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ, కంటి వైద్యుల సంఘాలు కలిసి 2009లోనే ప్రకటించాయి. ఇక కొట్టడం. "దండం దశగుణం" అని ఇంకా నమ్మే సార్లున్నారు. బడిలో కొట్టడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నేరుగా నిషేధం. భయంతో గుండె దడదడలాడే పిల్లవాడికి వచ్చిన అక్షరం కూడా నోట రాదు.

బడినీ మండలాన్నీ ఏమడగాలి

"సాయం చేయండి సార్" అంటే ఎవరూ కదలరు. ఫలానాది కావాలని అడగాలి. క్లాసులో అందరి ముందు నిలబెట్టి చదివించొద్దు. బోర్డు మీదివి దించుకునే పని తగ్గించండి. తెలిసిన జవాబు నోటితో చెప్పనివ్వండి. స్పెల్లింగ్ తప్పులకు సైన్సు, సోషల్‌లో మార్కులు కోయొద్దు. ఈ నాలుగింటికీ ఎవరి అనుమతీ, ఏ నిధులూ అక్కర్లేదు. 2022 ఆగస్టులో రాష్ట్రంలో మొదలైన తొలిమెట్టు అనే చదువు కార్యక్రమం కింద ప్రైమరీ బళ్ళలో పిల్లలు ఏ మెట్టు మీద ఉన్నారో చూసి రాస్తారు. మీ పిల్లవాడిది అడిగి చూడండి, మీ ఇంటి లెక్కతో పోల్చండి.

భవిత కేంద్రాలు సమగ్ర శిక్ష కింద మండల స్థాయిలో నడుస్తాయి. అక్కడ పనిచేసే ఐఈఆర్పీలు ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పడంలో శిక్షణ పొందినవాళ్ళు. బుద్ధిమాంద్యం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు అక్కడికి వస్తారని అందరికీ తెలుసు. బయటికి బాగానే కనబడి, చదవలేని పిల్లవాణ్ణి మాత్రం ఎవరూ అక్కడికి పంపరు. ఎంఈఓ ఆఫీసులో ఐఈఆర్పీ పేరు, వచ్చే రోజులు కనుక్కుని, హెడ్మాస్టర్ సంతకంతో ఒక లెటర్ ఇవ్వండి. వారానికి రెండు సార్లు చూడమనీ, మిగతా రోజులకు ఏం చేయాలో క్లాస్ టీచరుకూ మీకూ చూపించమనీ అందులో రాయండి. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో తెచ్చిన ప్రశస్త్ యాప్‌లో బడి టీచరు మొదటి భాగం, స్పెషల్ ఎడ్యుకేటర్ రెండో భాగం నింపితే పిల్లవాడి వివరాలు రికార్డులోకి వస్తాయి. అదీ చేయమని అడగండి.

ప్రైవేటు స్కూలు "మావల్ల కాదు, టీసీ తీస్కపోండి" అంటే తలవంచుకుని రావద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్లెక్సియా లాంటి చదువు ఇబ్బందులు కూడా ఉన్నాయి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడీ వైకల్యం కారణంగా వివక్ష చూపకూడదని 16వ సెక్షన్ చెబుతుంది. ఈ ఇబ్బందులను వీలైనంత తొందరగా గుర్తించి తగిన బోధన అందించే బాధ్యత బడిదేనని కూడా అదే సెక్షన్‌లో ఉంది.

కాగితం ఎప్పుడు, ఎట్లా

2018 జనవరి 4న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో (2024లో వీటి స్థానంలో కొత్తవి వచ్చాయి) ఎనిమిదేళ్ళు నిండాకే ఈ వైకల్య సర్టిఫికెట్‌కు పరీక్షలు చేయాలని ఉంది. ముందు పిల్లల డాక్టరు చూపు, వినికిడి, నరాల పరీక్ష చేస్తారు. తర్వాత ఐక్యూ. అది సరిపోతే నిమ్హాన్స్ బ్యాటరీ అనే చదువు పరీక్ష. 14 ఏళ్ళప్పుడు, 18 ఏళ్ళప్పుడు మళ్ళీ చేయించాలని 2018 నాటి మార్గదర్శకాల్లో ఉండేది. 18లో ఇచ్చింది జీవితాంతం చెల్లుతుందని కూడా అందులో ఉండేది. ఆరేళ్ళ పిల్లతో ఆసుపత్రుల చుట్టూ తిరగడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆ వయసులో కావాల్సింది పైన చెప్పిన అరగంటే.

సర్టిఫికెట్ పరీక్షకు స్లాట్ గురించి మీసేవలో అడగండి. వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే రాష్ట్ర పద్ధతి సదరం, కేంద్ర పద్ధతి యూడీఐడీలలో ఇప్పుడు ఏది నడుస్తుందో వాళ్ళు చెప్తారు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి కాబట్టి పిల్లల డాక్టర్లు, మానసిక వైద్య విభాగం కోసం ముందు అక్కడి జనరల్ ఆసుపత్రినే అడగాలి. క్లినికల్ సైకాలజిస్టు ఉన్న రోజేదో ఫోన్‌లో కనుక్కోకుండా బయల్దేరొద్దు. అక్కడ లేకపోతేనే హైదరాబాద్. పరీక్ష కోసం సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని కేంద్ర సంస్థ ఎన్ఐఈపీఐడీని కూడా అడగొచ్చు. ఆధార్, ఫొటోలు, గత రెండేళ్ళ మార్కుల పట్టీలు, హెడ్మాస్టర్ లెటర్, తప్పులు దిద్దని నోటు పుస్తకాలు రెండు, మీరు రాసుకున్న నిమిషం లెక్కలు వెంట తీసుకెళ్ళండి.

అక్కడ తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: చదివే పరీక్ష ఏ భాషలో పెట్టారు? చేతికందే పరీక్షల్లో చాలావరకు ఇంగ్లీషువే. తండా నుంచి వచ్చి తెలుగే సగం నేర్చుకున్న పిల్లకు ఇంగ్లీషు పేరా ఇచ్చి, చదవలేదని నమోదు చేస్తే ఆ రిపోర్టుకు విలువేముంటుంది? తెలుగులోనూ చదివించి చూడమని, రిపోర్టులో భాష పేరు రాయమని మర్యాదగానే అడగండి. అది మీ హక్కు.

పదో తరగతి సౌకర్యాల కోసం జనవరిలో పరుగెత్తితే లాభం లేదు. స్క్రైబ్ (పిల్లలు చెప్తుంటే జవాబు రాసిపెట్టే మనిషి), అదనపు సమయం, భాషా పేపర్ల మినహాయింపు కోసం హెడ్మాస్టర్ ద్వారానే దరఖాస్తు వెళ్ళాలి. నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల జాబితా పంపేటప్పుడే ఆ కాగితాలు కూడా సిద్ధంగా ఉండాలి. తొమ్మిదో తరగతి వేసవి సెలవుల్లోనే సర్టిఫికెట్ పని ముగించుకోవడం క్షేమం. 2018 ఆగస్టులో కేంద్రం పరీక్షలపై ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని ఉంది. 40 శాతం వైకల్యం లేదని స్క్రైబ్‌ను కాదనకూడదని వికాస్ కుమార్ కేసులో 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దాన్ని అనుసరించి 2022 ఆగస్టులో కేంద్రం వేరే మార్గదర్శకాలు కూడా తెచ్చింది. రాయడంలో ఇబ్బంది ఉందని వైద్యాధికారి ధ్రువీకరిస్తే సరిపోతుందని వాటిలో ఉంది.

స్క్రైబ్ దొరికితే చాలనుకోవద్దు. పక్కనున్న మనిషికి జవాబు చెప్పి రాయించడం కూడా ఒక నేర్పే. అలవాటు లేని పిల్లలు పరీక్ష హాల్లో గుక్క తిప్పుకోకుండా చెప్పేసి, ఏం రాశారో చూసుకోకుండా వచ్చేస్తారు. తొమ్మిదో తరగతి నుంచే వారానికి ఒక జవాబు తమ్ముడికో చెల్లికో చెప్పి రాయించి, మళ్ళీ చదివించుకుని వినే అలవాటు చేయాలి.

పెద్దపిల్లల సంగతి

పన్నెండు, పద్నాలుగేళ్ళ పిల్లలకు "తాత పాలు తాగాడు" ఇస్తే సిగ్గుపడి పారిపోతారు. మెట్లు అవే ఉండాలి, మాటలు మాత్రం వాళ్ళ వయసువి కావాలి. దీనికి మన ఊళ్ళ పేర్లను మించినవి లేవు. ఒత్తు లేని దేవరకొండ, కోదాడ, ఆలేరుతో మొదలుపెట్టండి. తర్వాత ద్విత్వాలు: అచ్చంపేట, కొల్లాపూర్. తర్వాత గద్వాల, మక్తల్, వనపర్తి, సూర్యాపేట, మిర్యాలగూడ. పొల్లు కోసం మహబూబ్‌నగర్, హుజూర్‌నగర్, నాగర్‌కర్నూల్. చివరగా ఒకే పేరులో రెండేసి సంయుక్తాలున్న కల్వకుర్తి, జడ్చర్ల. ఇవన్నీ ముందే విన్న పేర్లు కాబట్టి సగం చదవగానే నోటికి వచ్చేస్తాయి. అందుకే వరుస మార్చి ఇవ్వాలి, నడుమ ఒకటి రెండు తప్పుగా రాసి పట్టుకోమనాలి. ఆ తర్వాత ఎరువు బస్తా మీద రాసింది, కరెంటు బిల్లు, క్రికెట్ వార్త.

సైన్సు, సోషల్ పాఠాలు మాత్రం చదవడం వచ్చేదాకా ఆపొద్దు. ఫోన్‌లో పాఠం రికార్డు చేసి వినిపించండి. చదవడంలో వెనకబడ్డ పిల్ల విషయజ్ఞానంలోనూ వెనకబడితే ఆ రెండో నష్టం మన చేతులారా చేసినదవుతుంది.

ఇన్ని చేసినా రెగ్యులర్ పదో తరగతి భారమైతే ఎన్ఐఓఎస్ ఓపెన్ స్కూల్ ఉంది. అక్కడ పదికి ఐదు సబ్జెక్టులు చాలు, అందులో ఒక్కటే భాష తీసుకోవచ్చు. ఐదేళ్ళలో తొమ్మిది సార్లు పరీక్ష రాసే అవకాశం ఉంటుంది. అన్నీ ఒకేసారి రాయనక్కర్లేదు, ఒక్కో విడతకు ఒకటి రెండు సబ్జెక్టులు తేల్చుకోవచ్చు. సర్టిఫికెట్ అడ్మిషన్ అప్పుడే జత చేయండి. పరీక్షలో సౌకర్యాలు అడిగేటప్పుడు అదే ఆధారంగా ఉంటుంది.